విద్యుత్తు పొదుపు నేర్పు ఆట ఎట్లుండవలెను?

విద్యుచ్ఛక్తిని వృథా చేయరాదని విననివారు మనలో లేరు. విని ఆచరించువారు మాత్రము కొలదిమందియే. కావున ఈ పాఠమును వర్చువల్ రియాలిటీ ఆటగా నేర్పవలెనని కొందరు తలంచుట మెచ్చదగినదే. కన్నులకు యంత్రమును ధరించినంతనే వేరొక లోకమున నిలిచినట్లు తోపించు ఈ విద్యకు బాలుర మనస్సును పట్టియుంచు శక్తి మిక్కుటము. అయితే ఆ ఆటను కల్పించు రీతినిగూర్చి నా అభిప్రాయమును మనవి చేసికొందును.

గతవత్సరము ఒక ప్రదర్శనమున నేనట్టి ఆట ఆడితిని. కనబడిన దీపములనెల్ల ఆర్పి, అందరికంటె ఎక్కువ మార్కులు సంపాదించి, గర్వముతో ఇల్లు చేరితిని. ఆ సాయంకాలము మా తరగతి గదిని కడపట విడిచినవాడను నేనే. మరునాటి ఉదయము వచ్చి చూడగా అచట పంకా తిరుగుచునే యున్నది! 75 వాట్ల పంకా రమారమి పదుమూడు గంటలు తిరిగినచో ఒక యూనిటు ఖర్చగును.

లోపమెక్కడ నున్నది? ఆ ఆట మీట నొక్కుట నేర్పెనే కాని యూనిటు విలువను నేర్పలేదు. ఒక యూనిటనగా 36 లక్షల జౌళ్లు. పది మీటర్ల లోతు బావినుండి పది కిలోల నీటిచేదను పైకి తోడుటకు సుమారు 980 జౌళ్ల పని జరుగును. అనగా ఒక్క యూనిటుకు 3,600కు పైగా చేదలు తోడవలెను! ఆటలో బాలునిచేత ఇరువది చేదలైనను తోడింపవలెను. బరువు తెలియకపోయినను లెక్క తెలియును. పిమ్మట తీగ వెంబడి వెనుకకు నడిపించి, బాయిలరును, బొగ్గుబండ్లను, సింగరేణి గనిని చూపవలెను.

మరియు పొదుపు వేరు, పిసినారితనము వేరు. చదువుకొనువాని దీపమును, రోగి పంకాను ఆపినవానికి మార్కులు తగ్గింపవలెను. 60 వాట్ల పాతబల్బునకు మారుగా 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపము నమర్చినవానికి హెచ్చింపవలెను.

తుదకొక మాట. ఈ ఆటయంత్రము సైతము విద్యుత్తుతోనే నడచును గదా! కావున ఆట పది నిమిషములకు మించరాదు. గెలుపోటములు తెరమీద గాక, మరుసటి నెల ఇంటి మీటరుమీద తేలవలెను.

సోదర విద్యార్థులారా! ఆ పంకాను చూచిన నాటినుండి నేను గది వెడలునపుడు ఒక్కమారు వెనుదిరిగి చూచుచున్నాను. మీరును అట్లు చూడుడని నా ప్రార్థన.