జల్లెడలో మిగిలిన పొట్టు

‘‘రెండు కప్పుల బ్రాన్ సీరియల్ పాలల్లో నానబెట్టమ్మా...’’ అని అమెరికా నుంచి కూతురు ఫోన్‌లో మఫిన్ల తయారీ మొదలుపెట్టగానే ఇక్కడ తల్లి చేతిలో పెన్ను ఆగిపోతుంది. ‘‘సీరియలంటే ఏంటే? మన కొట్లో దొరుకుతుందా?’’ పెద్ద సూపర్ మార్కెట్లో వెతికితే దొరకొచ్చు. ధర చూశాక మళ్లీ అరలో పెట్టేయాలనీ అనిపించొచ్చు. చిత్రమేమిటంటే, చాలా ఇళ్లలో చపాతీ పిండి జల్లించి, జల్లెడలో మిగిలిన పొట్టుని కుడితిలో కలిపేస్తారు, లేదంటే చెత్తబుట్టలో పడేస్తారు. ఆ సీరియల్‌కి అసలు సరుకు అదే!

గోధుమ గింజలో ఈ పైపొరల వాటా దాదాపు 14, 15 శాతం. మైదా తయారీలో తీసేసేది దీన్నే. 100 గ్రాముల పొట్టులో పీచు 40 గ్రాములకు పైనే ఉంటుంది. కెలాగ్స్ కంపెనీ 1916లోనే దీన్ని ఆల్‌బ్రాన్ పేరుతో డబ్బాకెక్కించింది. 1970లలో డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్ ఆఫ్రికాలో తాను చూసినదాన్ని బట్టి పీచు గొప్పతనాన్ని పదేపదే చెప్పాక పాశ్చాత్య దేశాల్లో దాని మీద మోజు ఇంకా పెరిగింది.

అయితే డబ్బాలోని సీరియల్, పచ్చి పొట్టు ఒకటి కావు. సీరియల్‌ని ముందే ఉడికించి, కాల్చి ఉంచుతారు. అందులో పంచదార, మాల్ట్, ఉప్పు కలుస్తాయి. కాబట్టి దాని బదులు పొట్టు వాడేటప్పుడు మూకుట్లో సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు వేయించాలి. పచ్చివాసన పోయి కమ్మని వాసన వస్తుంది. తీపి ఒక చెంచా పెంచి, చిటికెడు ఉప్పు వేయాలి. పుల్లల్లా ఉండే సీరియల్‌కి పొట్టు కప్పుకి కప్పు సరిపోతుంది. అటుకుల్లా ఉండే బ్రాన్ ఫ్లేక్స్ అయితే తేలిక, కప్పు ఫ్లేక్స్‌కి ముప్పావు కప్పు పొట్టు చాలు.

అసలు కిటుకు నానబెట్టడంలో ఉంది. పొట్టు నీళ్లని పీల్చుకుంటుంది, కానీ నిదానంగా. నానకుండా పిండిలో కలిపేస్తే ఓవెన్‌లోకి వెళ్లాక మిగతా పిండిలోని తడంతా లాగేసి కేకుని గట్టి ఇటుక చేస్తుంది. బ్రెడ్ విషయంలో ఇంకో చిక్కు. పొట్టు ముక్కలు గోధుమ జిగురు సాగకుండా అడ్డుపడతాయి, పిండి సరిగా పొంగదు. అందుకే బ్రెడ్‌లో పిండికి పదో వంతు దాటకపోవడమే మేలు. జిగురుతో అంత పనిలేని మఫిన్లలో ఎక్కువ వేసినా ఇబ్బంది లేదు.

మొదటిసారి చేసేవాళ్లు ఒక కప్పు వేయించిన పొట్టుని ఒక కప్పు పుల్లమజ్జిగలో పావుగంట నానబెట్టాలి. అందులో ఒక గుడ్డు, పావు కప్పు నూనె, అర కప్పు బెల్లం తురుము, బాగా మగ్గిన అరటిపండు ఒకటి మెదిపి కలపాలి. ఒక కప్పు గోధుమ పిండి, అర చెంచా వంటసోడా, చెంచా బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి విడిగా కలిపి ఇందులో వేయాలి. పొడి పిండి కనబడకుండా కలిస్తే చాలు, గిలక్కొట్టకూడదు. 180 డిగ్రీల్లో 20 నిమిషాలకు 12 చిన్న మఫిన్లు సిద్ధం. ఓవెన్ లేకపోతే ప్రెషర్ కుక్కర్ ఉండనే ఉంది. అడుగున ఇసుక పోసి, గాస్కెట్, విజిల్ తీసేసి, ముందు పది నిమిషాలు వేడిచేసి, కేకు గిన్నె పెట్టి సన్నని సెగ మీద ముప్పావుగంట ఉంచాలి. పుల్ల గుచ్చితే పిండి అంటకూడదు.

ఇక లెక్క చూద్దాం. కప్పు పొట్టు సుమారు 60 గ్రాములు, అంటే 25 గ్రాముల పీచు. మఫిన్‌కి రెండు గ్రాములు. గోధుమ పిండి నుంచి ఇంకో గ్రాము. పెద్దలు రోజుకి కనీసం 25 గ్రాముల పీచు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ లెక్కన ఒక మఫిన్‌తో వచ్చేది ఎనిమిదో వంతే. బెల్లం మాత్రం ఒక్కోదాంట్లో రెండు చెంచాల దాకా ఉంటుంది. ‘పొట్టు కేకే కదా’ అని షుగరున్న తాతయ్యకి రెండేసి పెట్టేవాళ్లు ఈ సంగతి చూసుకోవాలి. ఆయనకి జల్లించని పిండితో చపాతీ చేసిపెడితే పీచూ అందుతుంది, బెల్లం బెడదా ఉండదు.

పశువుల దాణా కొట్లో అమ్మే గోధుమ తవుడు వంటకి వద్దు. అది మనుషులు తినేందుకు శుభ్రం చేసిన సరుకు కాదు. ఇంట్లో జల్లించిందైనా నిలవుంటే చేదెక్కుతుంది, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. అలవాటు లేనివాళ్లు ఒకేసారి ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం తప్పదు. కొద్దికొద్దిగా పెంచుతూ నీళ్లు బాగా తాగాలి. గోధుమ పడనివాళ్లు దీని జోలికే వెళ్లకూడదు.

మఫిన్లు దించిన రోజు కాస్త గరుగ్గా ఉంటాయి. డబ్బాలో పెట్టి మర్నాడు తీస్తే మెత్తబడతాయి. అన్నట్టు, అమెరికాలో ఉన్న కూతురికీ సీరియల్ డబ్బాయే దిక్కు కాదు. అక్కడి దుకాణాల్లోనూ వట్టి గోధుమ పొట్టు దొరుకుతుంది. ఈసారి ఫోన్‌లో తల్లే కొలతలు చెప్పొచ్చు.