అరగంట శ్రవణం – అణిమాండవ్యుని పాఠం

మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యోపాఖ్యానం ఆస్తికలోకానికి సుపరిచితం. మౌనవ్రతంలో ఉన్న మహర్షి ఆశ్రమంలో చోరులు ధనం దాచగా, రాజు నిజానిజాలు తేల్చకుండానే ఆయనను శూలారోపణం చేయించాడు. బాల్యంలో కీటకాలను పుల్లతో గుచ్చిన పాపానికి ఇది ఫలమని అనంతరం యమధర్మరాజు వివరించాడు. అంతట మహర్షి, పదునాలుగేళ్లలోపు చేసినది పాపంగా పరిగణింపబడరాదని నూతన మర్యాదను స్థాపించాడు. లోకానికి ఆ రక్షణ లభించింది. దానికి కారణభూతుడైన ఆయన దేహంలో మాత్రం శూలాగ్రం మిగిలిపోయింది. అణిమాండవ్యుడనే నామం అందువల్లనే.

మన కాలంలోనూ ఇటువంటి ధర్మసందేహం ఉత్పన్నమైంది. మరణశిక్ష పడినవారి రివ్యూ పిటిషన్లను సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పూర్వం న్యాయవాది వాదన వినకుండా, ఛాంబర్లలో పత్రాలు చూసి తేల్చేవారు. కాలం ఆదా కావడమే అందుకు ప్రధాన హేతువు. 2014 సెప్టెంబరు 2న రాజ్యాంగ ధర్మాసనం 4:1 ఆధిక్యంతో, ప్రాణవిషయంలో బహిరంగ న్యాయస్థానంలో వాదన వినడం 21వ అధికరణం కోరే ధర్మమని నిర్ణయించింది. గరిష్ఠంగా అరగంట చాలునన్నది. తెలుగువారైన జస్టిస్ చలమేశ్వర్ విభేదించి, అది అనివార్యం కాదన్నారు. రివ్యూ అప్పటికే తిరస్కృతమైనా శిక్ష అమలు కానివారికి మరల అవకాశం లభించింది. కాని క్యూరేటివ్ పిటిషన్ కూడా తిరస్కృతమైనవారికి ద్వారం మూసుకున్నది. తత్ఫలితంగా, ఆ హక్కుకై పోరాడిన ఎర్రకోట దాడి కేసు ఖైదీకే అది దక్కలేదు.

వివాదానికి ఎక్కడో అంతం ఉండాలన్న వాదం తేలికైనది కాదు. పలాస, ఉద్దానం గ్రామాల నుండి తోట గట్టు తగవుకై టెక్కలి కోర్టు వాయిదాలకు తిరిగే రైతుల వేదన మా ఆలయానికి వచ్చే భక్తుల ముఖాలలో నిత్యం చూస్తుంటాను. అయినా గట్టు విషయంలో పొరపాటును రేపైనా సరిదిద్దవచ్చు. పోయిన ప్రాణాన్ని తేలేము. ఒక అరగంట శ్రవణం వల్ల ఆ రైతు వంతు వెనుకబడదు.

కర్మఫలం అనుభవించక తప్పదు కదా అని కొందరు సాధకులు అనవచ్చు. ఫలప్రదాత ఈశ్వరుడు, విధి తప్పకుండా ప్రక్రియ నడపడం మన కర్తవ్యం. మంత్రలోపం తెలిసిన పిదప, ముహూర్తం మించిందని హోమాన్ని అలాగే ముగించము, ప్రాయశ్చిత్తాహుతి సమర్పిస్తాము.

2016 జనవరిలో సుప్రీంకోర్టే ఆ ఖైదీకి మూసిన ద్వారం తెరిచింది. వాదన విన్నది. 2022 నవంబరు 3న మరణశిక్షనే స్థిరపరచింది. ఫలం మారలేదు కనుక శ్రమ వ్యర్థమనరాదు. శ్రవణం విడుదల కొరకు కాదు, దండన ధర్మబద్ధం కావడం కొరకు. ఒక పద్ధతి లోపభూయిష్ఠమని న్యాయస్థానమే గుర్తించిన తరువాత, ఆ దినానికి పూర్వమే కేసు ముగిసిందన్న కారణంతో జీవించి ఉన్నవానికి శ్రవణాన్ని నిరాకరించడం ధర్మం కాజాలదు.