ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు?

మన గూడేలకు వచ్చే అధికారైనా, విత్తనాల ఏజెంటైనా మొదట అడిగేది ఇదే: ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు? మనం చెప్పిన అంకె విని పెదవి విరుస్తారు. ఆదివాసీకి సేద్యం తెలియదని తేల్చేస్తారు. ఆ కొలతనే మనం నిలదీయాలి. మొక్కజొన్న లెక్కే తీసుకుందాం.

అమెరికాలో 1930ల దాకా దశాబ్దాల తరబడి ఎకరాకు ఆరేడు క్వింటాళ్లే పండేవి. 2023లో 45 పండాయి. ప్రపంచ సగటు 1961లో సుమారు 8. ఇప్పుడు 23 దాకా వచ్చింది. మన దేశ సగటు 14 దగ్గర ఉంది. సహారా ఎడారికి దిగువనున్న ఆఫ్రికాలో ఇప్పటికీ 8 దగ్గరే. ఈ పెరుగుదల అబద్ధం కాదు. హైబ్రిడ్ విత్తనం, నత్రజని ఎరువు, యంత్రాలు, ఒత్తుగా వేసినా తట్టుకునే రకాలు కలిసి దీన్ని తెచ్చాయి. ఆకలి తెలిసినవాళ్లం, గింజ పెరిగితే ఎందుకు వద్దంటాం? మన అభ్యంతరం ఆ లెక్కలోంచి తీసేసినవాటి గురించి.

అందులో మొదట తీసేసింది విత్తనం కన్నవాళ్లను. మొక్కజొన్న ఏ కంపెనీ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. సుమారు 9,000 ఏళ్ల కిందట మెక్సికోలో తెయోసింతే అనే అడవి గడ్డిని అక్కడి మూలవాసులు ఏటేటా ఏరి, దాచి, విత్తి కంకిగా మార్చారు. ఇవాళ్టి ప్రతి హైబ్రిడ్‌కూ పెట్టుబడి వాళ్ల చెమటే. హైబ్రిడ్ గింజను దాచి మళ్లీ విత్తితే అదే పంట రాదు, ఏటా కొనాల్సిందే. విత్తనం ఇచ్చిన జాతులే విత్తనం కొనుక్కునే స్థితికి వచ్చాయి.

తర్వాత తీసేసింది ప్రమాదాన్ని. 1970లో అమెరికా పొలాల్లో ఎక్కువ భాగం హైబ్రిడ్లకు తల్లి మూలం ఒక్కటే. ఆకు ఎండు తెగులు వచ్చి దేశం పంటలో సుమారు 15 శాతాన్ని ఒక్క ఏడాదిలో మింగేసింది. పది రకాలు వేసే చేనులో ఒకటి పోతే తొమ్మిది మిగులుతాయి. ఆ భద్రతకు క్వింటాళ్ల పట్టికలో గడి లేదు.

మెక్సికోలోని ఓహాకా కొండల్లో మిహే ఆదివాసులు పండించే మొక్కజొన్న కోతకు రావడానికి ఎనిమిది నెలలు పడుతుంది. పట్టిక ప్రకారం అది పనికిరాని రకం. కానీ దాని కాండం మీద గాల్లో వేలాడే వేర్ల నుంచి జిగురు కారుతుంది. అందులోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. మొక్క నత్రజనిలో 29 నుంచి 82 శాతం అలా వస్తుందని 2018లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. యూరియా బస్తా మిగిల్చిన ఆ విత్తనాన్ని తక్కువ దిగుబడి అని ఎలా అంటారు? అక్కడ మొక్కజొన్నతోపాటు చిక్కుడు, గుమ్మడి వేస్తారు. మన పోడులో కంది, బొబ్బర్లు, గుమ్మడి కలిసే పెరుగుతాయి. ఒక్క గింజనే తూచి, మిగతా పంటను సున్నా అని రాసుకునేది కొలిచేవాడే.

ఆ 45 క్వింటాళ్లయినా ఎవరి కంచంలోకి పోతున్నాయి? అమెరికా మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇథనాల్‌కే పోతోంది. మరో పెద్ద భాగం పశువుల దాణా.

ఇది దూరదేశం కథ మాత్రమే కాదు. 2025లో ములుగు జిల్లా వాజేడు, వెంకటాపురం మండలాల్లో కంపెనీల కోసం విత్తన మొక్కజొన్న వేసిన రైతులు పంట దెబ్బతిని, పరిహారం కోసం పోరాడాల్సి వచ్చింది. అందులో ఆదివాసులే ఎక్కువ. దిగుబడి ఆశ చూపేటప్పుడు అందరూ ఉంటారు, నష్టం మాత్రం చేనుగలవాడిది.

అందుకే మనం అడగాల్సినవి ఇవి. చేను మొత్తాన్ని కొలవండి. విత్తన పంట వేయించేవాళ్లు నష్టం ఎవరు భరిస్తారో ముందే కాగితం మీద, మాకు అర్థమయ్యే భాషలో రాసివ్వండి. రైతులు కాపాడిన రకాలను నమోదు చేసుకునే హక్కు 2001 చట్టం ఇచ్చింది. ఆ నమోదును మా గూడేల్లో చేయించండి. ఈ మూడూ చేశాక వచ్చి అడగండి, ఎకరాకు ఎన్ని క్వింటాళ్లని. అప్పుడు జవాబు చెబుతాం.