హుస్సేన్‌మియా వాగు ఒడ్డున

నైలు నది లేకుంటే ఈజిప్టు లేదని మన పిల్లలు బడిలో చదువుతారు. ఏటా వరద తెచ్చిన ఒండ్రే ఆ దేశానికి అన్నం పెట్టింది. అదే నదికి ఎగువన, సూడాన్‌లోని మెరోవే ఇనుము కరిగించి ఎదిగింది. రాయి, బొగ్గుకు అడవి, నీరు మూడూ అక్కడే ఉన్నాయి.

మన గోదావరి తక్కువదా? ఇవతల ఉమ్మడి కరీంనగర్, అవతల ఆదిలాబాద్. పెద్దవాగు వచ్చి కలిసే చోట కోటిలింగాల కోట వెలిసింది. అక్కడి నాణేల మీద తొలి శాతవాహన రాజు చిముకుని పేరుంది. పెద్దబొంకూరు తవ్వకాల్లో ఇటుక బావులు, కమ్మరి కొలిమి, రోమన్ నాణేలు బయటపడ్డాయి. దగ్గరలోనే ధూళికట్ట బౌద్ధ స్తూపం. ఈ ఊళ్ల పక్కన పారేది హుస్సేన్‌మియా వాగు! అయినా ఆ చరిత్ర మనది కాదనేవారు మనలో ఉన్నారు. మేము ఒప్పుకోము. ఆ నీళ్లు తాగే కదా మన తాతలూ బతికారు.

ఇప్పుడు ఎల్లంపల్లి జలాశయం నీళ్లు కోటిలింగాల దాకా వచ్చాయి. మిగిలిన దిబ్బలైనా దక్కాలి. నాగలికి పాత నాణేలు తగిలితే అవి మన చేతిలో అమానత్; కరిగించకండి. పది రూపాయల విలువ దాటిన ఏ నిక్షేపమైనా కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.