వాగు వెడల్పు

బ్రెజిల్‌లోని కురిటీబా నగరంలో బరిగువి అనే వాగు ఉంది. 1972లో దాన్ని కాంక్రీటు గోడల మధ్య బిగించకుండా, చుట్టూ 140 హెక్టార్లు పార్కుగా వదిలేశారు. వరదొస్తే ఆ నీళ్లకు అక్కడ చోటుంటుంది. మిగతా రోజుల్లో జనం నడుస్తారు. అప్పటి మేయర్ జైమీ లెర్నర్ అంతకుముందు ఆ ఊరి ప్రణాళికా సంస్థలోనే పనిచేసిన పట్టణ ప్రణాళికాకర్త. మూడుసార్లు మేయరయ్యారు, తర్వాత 1995 నుంచి 2002 దాకా పరానా రాష్ట్ర గవర్నర్‌గా ఉన్నారు.

అదే 1972లో ఊళ్లోని ప్రధాన వీధిని వాహనాలకు మూసి పాదచారులకిచ్చారు. బేరాలు పోతాయని దుకాణదారులు ఎదురుతిరిగారు. ఎవరైనా ఆపేలోగా శుక్రవారం మొదలుపెట్టి సోమవారానికల్లా పని ముగించారు. కార్లతో దూసుకొస్తామన్నవాళ్లకు నడివీధిలో కాగితాలు పరుచుకుని బొమ్మలేస్తున్న పిల్లలు ఎదురయ్యారు.

లెర్నర్‌ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. 1971లో ఆయనకు పదవినిచ్చింది ఓటరు కాదు, సైనిక పాలన. గవర్నర్‌గా రాష్ట్ర బ్యాంకును ప్రైవేటుకు అమ్మారు, రహదారులకు టోల్ పెట్టారు. జనం కోపమూ చూశారు. నన్ను కలతపెట్టేది వేరే సంగతి. ఓటు లేని కాలంలో ఒక్క మనిషి పట్టుదల ఒక వాగుకు చోటు మిగిల్చింది. ఓటున్న మనం మన వాగులకు ఏం మిగిల్చాం?

మనకు నక్షాలు లేక కాదు. మాస్టర్ ప్లాన్ ఉంది, చెరువు పూర్తి మట్టం గీత ఉంది, బఫర్ జోన్ ఉంది. వాటి మీదే లేఅవుట్లు లేచాయి. సంతకం పెట్టిన అధికారిని తిడతాం, సరే. చవగ్గా వస్తోందని కొన్నది మనం కాదా? క్రమబద్ధీకరిస్తానన్న నాయకుడికి చప్పట్లు కొట్టింది మనం కాదా? 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ కాలనీల్ని ముంచినప్పుడు మంచినీళ్ల కోసం డాబాలెక్కి ఎదురుచూసినవాళ్లలో అద్దె ఇళ్లవాళ్లున్నారు, రోజుకూలీలున్నారు. వాళ్లు ఏ నక్షానూ చెరపలేదు.

ప్లాటు కొనేముందు గ్రామ నక్షా తెప్పించి చూద్దాం. వాగు పోరంబోకు అని ఉంటే ఎంత చవకైనా వదులుకుందాం. ఆక్రమణలు తొలగిస్తామంటే, ముందు పెద్దల ప్రహరీలు కూల్చమందాం, పేదవాడి గుడిసె కదిపేలోగా వేరే ఇల్లు చూపమందాం. ఓటడగ వచ్చిన ప్రతి అభ్యర్థినీ మన వార్డు వాగు వెడల్పు సర్వే పటంలో ఎంతుందో, ఇవాళ ఎంతుందో చెప్పమందాం. తెలియదంటే, కొలిపించుకుని మళ్లీ రమ్మందాం.