అరిగిన నడుముకి లెక్క ఎవరు చెబుతారు?

ఎస్తోనియా టెన్నిస్ క్రీడాకారిణి అనెట్ కొంతావెయిట్ 2022 జూన్‌లో ప్రపంచ రెండో ర్యాంకుకు చేరింది. సుమారు 13 లక్షల జనాభా ఉన్న ఆ దేశం నుంచి సింగిల్స్‌లో స్త్రీ అయినా పురుషుడైనా అంత పైకి వెళ్లినవారు లేరు. ఏడాది తిరిగేసరికి, నడుము డిస్కు అరిగిపోయిందనీ ఇక ఆడలేననీ ప్రకటించింది. అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. 2023 వింబుల్డనే చివరి టోర్నీ.

దీన్ని దురదృష్టం అనేసి ఊరుకోవడం తేలిక. నేను మాత్రం శ్రమకు సంబంధించిన ప్రశ్నగానే చూస్తాను.

వింబుల్డన్ 2007లో స్త్రీలకు సమాన బహుమతి సొమ్ము ఇవ్వడం మొదలుపెట్టింది. అది పోరాడి తెచ్చుకున్న గెలుపు. కానీ ఆ సొమ్ము బరిలో దిగినవారికే. వీరికి నెలజీతం లేదు. కోచ్ జీతం, ప్రయాణ ఖర్చులు చాలామంది సొంతంగా భరించాల్సిందే. పై ర్యాంకుల్లోని వారికి దాచుకున్నదైనా ఉంటుంది. రెండువందలో ర్యాంకు అమ్మాయి నడుము పడిపోతే?

2025లో మహిళా టెన్నిస్ సంఘం ప్రసూతి సెలవుకు డబ్బు చెల్లించే పథకం తెచ్చింది. ఆ డబ్బు సౌదీ నిధి నుంచి రావడం వేరే చర్చ. ఆడని నెలలకూ చెల్లించవచ్చని మాత్రం అది ఒప్పుకున్నట్టే. అదే న్యాయం గాయానికీ వర్తించాలి. సమాన వేతనం అడిగిన మనం, అరిగిపోయిన శరీరానికి కూడా లెక్క అడగాలి.