ఆకు పేరు ఒక్కటే చాలదు

శ్రీవిల్లిపుత్తూరు అనగానే గోదాదేవి తులసివనం తలపుకొస్తుంది. రాయలవారు 'ఆముక్తమాల్యద'లో చెప్పింది ఆ తల్లి కథే కదా! ఆ తులసి మొదలు దొడ్లో మొలిచే కుప్పింటాకు దాకా మన పెద్దలు మందుగా వాడినవే. వీటికి సూక్ష్మజీవుల్ని అణచే గుణం నిజంగా ఉందా అని కాలేజీ పిల్లలు ప్రాజెక్టుల్లో పరీక్షిస్తుంటారు. అదెలా చేస్తారని కొందరు తల్లులు నన్నడిగారు.

ఆకుల్ని కడిగి, నీడన ఎండబెట్టి, పొడి చేసి, నీళ్ళలోనో ఆల్కహాలులోనో నానబెట్టి వడకడతారు. మూత ఉన్న చిన్న పళ్ళెంలో అగార్ పోసి, అది గడ్డకట్టాక చీముగడ్డలకు కారణమయ్యే స్టెఫిలోకాకస్ వంటి బాక్టీరియాను పలచగా పూస్తారు. ఆకు సారంలో తడిపి ఆరబెట్టిన 6 మి.మీ. కాగితపు బిళ్ళను దానిమీద పెట్టి, సుమారు 35 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు ఉంచుతారు. మర్నాటికి పళ్ళెమంతా బాక్టీరియా మసకగా పెరిగి, బిళ్ళ చుట్టూ మాత్రం ఖాళీ వలయం మిగిలితే సారం పనిచేసినట్టు. 1928లో ఫ్లెమింగ్ బూజు చుట్టూ గమనించినది ఇలాంటి ఖాళీనే. పెన్సిలిన్ అలా బయటపడింది. పక్కనే ఉత్త ఆల్కహాలు బిళ్ళ ఒకటి, తెలిసిన మందు బిళ్ళ ఒకటి పెట్టాలి. లేకుంటే పనిచేసింది ఆకో, ఆల్కహాలో తేలదు. ఇది ఇంట్లో చేసే పని కాదు. లాబొరేటరీలో, మాస్టారి ఎదుటే చేయాలి.

వలయం వచ్చినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు. ఆ సారం ఒంట్లో ఎంతవరకు చేరుతుందో, ఎంత మోతాదు హాని చేస్తుందో పళ్ళెం చెప్పదు. బిడ్డకు జ్వరం తగ్గకపోతే డాక్టరు దగ్గరకే తీసుకెళ్ళండి.

మరి అవ్వల మాటకు విలువ లేదా? ఉంది. చైనాలో తూ యూయూ మాచిపత్రి జాతి మొక్క ఒకదాన్ని మలేరియా కోసం పరీక్షించారు. ఫలితం నిలకడగా రాలేదు. ఆకును నీళ్ళలో నానబెట్టి పిండమని పాత గ్రంథంలో ఉండడం చూసి, వేడి చెరుస్తోందేమోనని అనుమానించి, 1971లో తక్కువ వేడిమీద ఈథర్‌తో సారం తీశారు. ఆర్టెమిసినిన్ అలా చేతికొచ్చింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. కీలకం ఆకు పేరులో కాదు, చేసే తీరులో ఉంది!

మన ఇళ్ళల్లో నేలవేము అన్నది ఇక్కడి అంగట్లో నిలవేంబు, గుంటగలగర కరిసలాంకణ్ణి. పిల్లలకు రెండో పేరే తెలుసు. అవ్వ దగ్గర కూర్చోబెట్టి రాయించండి: రెండు భాషల్లో పేరు, పచ్చిదా ఎండుదా, నూరిందా కాచిందా, ఎవరికి కూడదు. ఆ కాగితం లేకుండా పరీక్షకు పోతే సగం సంగతి ఇంట్లోనే మిగిలిపోతుంది.